బంతి వదలని పిల్ల

కాలేజీ మైదానం అంచున, అందరి ముందూ మధుమిత తన కొత్త కోచ్ నోరు మూయించడం నేను కళ్లారా చూశాను. కెనడాలో, హామిల్టన్‌లోని మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే నలుగురు విద్యార్థినుల్లో ఒకతె, కరీంనగర్ పిల్ల. చేత్తో బంతి విసిరే ఇక్కడి ఫుట్‌బాల్‌లో ఆడపిల్లల జట్టుకి క్వార్టర్‌బ్యాక్. బంతి ఎవరికి విసరాలో తేల్చేది ఆమే. వరసగా ఓడుతున్నారు. "బంతి వదలాలంటే నీకు భయం. నీ చోట్లో ఇంకో అమ్మాయిని పెడతా" అన్నాడు ప్రజ్వల్, అమెరికాలో ఆట నేర్చుకొచ్చిన మన తెలుగువాడే. "నువ్వొచ్చినంక అందర్ని దూరం ఉరికిస్తున్నవ్ అన్నా. దగ్గర ఒక్కరు లేకపోతే బంతి ఎవరికియ్యాలె, నీకా?" అంది. అంతా నవ్వారు. శనివారం మ్యాచ్‌లో కొందరిని దగ్గరే ఉంచే పాత పద్ధతిలో ఆడడానికి అతను ఒప్పుకున్నాడు. ఓడితే మాత్రం ఆమె చోటు పోతుంది. మా ఇంటి పిల్లేనని పక్కనున్న ప్రతివాళ్లకీ చెప్పాను.

మధుమిత పొట్టి మనిషి, చేతులు మాత్రం బారెడు. కాఫీ షాపు పని నుంచి వచ్చి బూట్లతోనే మెట్లు దిగుతుంది. ఫ్రిజ్ తెరిచిందంటే పాలా, పెరుగా అని తేల్చుకోలేక తలుపు పట్టుకుని నిలబడిపోతుంది. "వదలవే, చల్లదనమంతా పోతోంది!" అని రోజూ అరుస్తాను. నా గొంతు వీధి చివరిదాకా వినబడుతుంది, దానికి నేనేం సిగ్గుపడను. నిన్న అలా అరిస్తే తలుపు వేసి నా వైపు తిరిగింది. "కోచ్ మీద గెలిచిన గానీ ఆంటీ, సగం తప్పు నాదే. బంతి గూడ గిట్లనే పట్టుకొని నిలబడ్త. శనివారం ముందు వరసల కూసోండ్రి. నేను ఆగంగనే గిట్లనే అరువుండ్రి."