నీళ్లు చల్లిన పొయ్యి

మొన్న మంగళవారం పొద్దున ఇక్కడ కెనడాలో, సస్కటూన్ ఆసుపత్రిలో మా వదిన పోయింది. నేను చదువుకున్నవాణ్ణి కాదు. వెల్డింగ్ చేసి బతికాను, ఒకరి ముందు చెయ్యి చాచలేదు. ఆవిడ గురించి మాత్రం నేనే రాయాలనుకున్నాను. ఇంకొకరు రాస్తే మహాతల్లి అని రాస్తారు. అలాంటి మాటలు ఆవిడకి గిట్టవు.

మా అన్నా, మా ఆవిడా పోయాక ఆ ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. బేస్‌మెంట్‌లో చదువుకునే పిల్లలు ఉండేవాళ్లు. మనవాళ్ల పిల్లలు ఈ ఊళ్లో గుంపులుగా దిగుతున్న రోజులవి. గుమ్మంలో బూట్ల గుట్ట, ఇల్లంతా పోపు వాసన. వదిన పెద్ద గిన్నెతో పప్పుచారు కాచి మెట్ల మీద పెట్టేది. "పనిచేసి వచ్చి ఏం వండుకుంటారు అబ్బాయ్" అనేది. నాకు డెబ్బై దాటినా ఆవిడకి నేను అబ్బాయినే.

వంటయ్యాక మాత్రం పొయ్యిని వదిలేది కాదు. మా ఊళ్లో కట్టెల పొయ్యి ఆర్పాక నిప్పుల మీద నీళ్లు చల్లి, చుయ్‌మనడం ఆగిందాకా వినేవాళ్లు. ఇక్కడి కరెంటు పొయ్యి మీద కూడా వదిన నీళ్లు చిలకరించి వినేది. తుడిచేది, మళ్లీ చిలకరించేది. కారెక్కాక దిగి లోపలికి పోయేది. అలా పెళ్లిళ్లూ పేరంటాలూ అన్నీ మానుకుంది.

"మంట కనపడని పొయ్యిని ఎట్లా నమ్మమంటావు?" అనేది.

కింద ఉన్న కరీంనగర్ పిల్ల సైకాలజీ చదివేది. "అంకుల్, ఇది చాదస్తం కాదు. ఓసీడీ అని, చేసిందే మళ్లా మళ్లా చేయించే జబ్బు కావచ్చు, డాక్టర్‌కి చూపిద్దాం" అంది.

"మా ఇంట్లో పిచ్చివాళ్లు లేరు."

"పిచ్చి అని నేనన్ననా? మోకాలు నొస్తే మీరు డాక్టర్ దగ్గరికి పోలే?"

మర్నాడు నేనే డాక్టర్ దగ్గర టైము తీసుకున్నాను.

మా అన్నకి కూడా చెప్పని మాట వదిన ఆ పిల్లకి చెప్పింది. చిన్నప్పుడు వాళ్లమ్మ కోతకి పోతూ పొయ్యి ఆర్పమందట. పాక అంటుకుంది. ఉయ్యాల్లో ఉన్న తమ్ముడు పోయాడు. "నీళ్లు చల్లావా?" అని వాళ్లమ్మ బతికినన్నాళ్లూ అడిగింది. చల్లిందో లేదో వదినకి గుర్తులేదు.

"అంత చిన్నపిల్లకి నిప్పు అప్పజెప్పుడు మీ తప్పెట్లయితది ఆంటీ?" అంది ఆ పిల్ల. నాకూ విప్పి చెప్పింది. చిన్నప్పుడు దెబ్బతిన్న అందరికీ ఇలా రాదట. కొందరిలో మాత్రం ఆ భయం ఇలా చేతుల్లోకి దిగుతుందట.

డాక్టర్ చెప్పిన వైద్యం వింతగా ఉంది. పొయ్యి కట్టెయ్యాలి, నీళ్లు చల్లకూడదు, వచ్చే భయాన్ని రానివ్వాలి. ఆ చలికాలమంతా వదిన కుర్చీ గట్టిగా పట్టుకుని పొయ్యి వంకే చూస్తూ ఉండటం చూశాను. ఒకరోజు తనే అంది: "భయం చుట్టంలాంటిది అబ్బాయ్. పీట వెయ్యకపోతే కాసేపు నిలబడి అదే పోతుంది."

ఆ పిల్ల పట్టా పుచ్చుకునే రోజు వచ్చింది. వాళ్లమ్మానాన్నలకి వీసా రాలేదు. "నాకంటూ ఎవరూ ఉండరు ఆంటీ, మీరు రావాలె" అంది. వదిన పట్టుచీర కట్టింది, పొయ్యి కట్టేసింది, నీళ్ల జోలికి పోలేదు. వీధి మలుపులో ఆవిడ ముఖం చూసి, వెనక్కి తిప్పనా అని నేనే అడిగాను.

"నడుపు అబ్బాయ్. చుట్టం వచ్చింది, నిలబడనీ."

హాల్లో ఆ పిల్ల పేరు పిలిస్తే, పక్కవాళ్లు తిరిగి చూసేట్టు వదిన చప్పట్లు కొట్టింది.

ఇవాళ పొద్దున టీ పెట్టుకుని పొయ్యి కట్టేశాను. ఎందుకో నాలుగు చుక్కలు చిలకరించాను. చుయ్‌మంది. ఆగిందాకా విన్నాను. ఆగాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను.