ఫైలు పైన ఉన్న పేరు

ధర్మవరం పట్టుచీరల డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్‌ను నలుగురితో కలిసి రాస్తున్న కమలాక్షి, నేత గురించి అనుమానం వస్తే చెప్పులు కూడా మరిచి నేతగాడు ఈరన్న మగ్గం దగ్గరికి పరుగెత్తుతుంది. తిరిగొచ్చి కోడ్ పక్కన వివరణగా కామెంట్ రాస్తుంది: "ముసురులో పడుగు దారం సాగుతుంది, బుటా కొలత సరిచూడాలి. చెప్పింది ఈరన్న." కామెంట్లు ఎలా రాయాలో నియమాలు పెట్టుకుందామని కూడిన ఆన్‌లైన్ మీటింగులో, ఆ నలుగురిలో ఒకడైన సాయినాథ్ హిందూపురం నుంచి అన్నాడు: "ఈ పేర్లన్నీ తీసేద్దాం కమలాక్షీ. కోడ్ క్లీన్‌గా ఉండాల." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "చీర మీద ఎట్లాగూ అంగడి పేరే ఉంటాది. నేసినోని పేరు ఈడ గూడా ఉండకూడదా అన్నా? ప్రతి ఫైలు పైన నీ పేరుండాదే!" "అది రాసినోళ్ల పేరమ్మా." "మగ్గం కాడ ఆయప్ప చెప్పకుంటే నువ్వేం రాస్తావు?" అందరికీ కనిపించే నియమాల పత్రంలో ఆమె టకటకా మొదటి వాక్యం కొట్టింది: "పేర్లు తీసేయాలంటే పైనుంచి మొదలుపెట్టాలి." ఆ వాక్యాన్ని చెరపడానికి సాయినాథ్‌కు చేతులు రాలేదు, ఈరన్న పేరును చెరపడానికీ రాలేదు.