గులాబీ సబ్బుకు ఇంగువ పొగ

కోరుట్లలో ఒక శుభకార్యం రోజున, విస్తళ్ల ముందు కూర్చోవాల్సిన ఆడవాళ్లందరూ కుళాయి దగ్గర నిలబడి తమ అరచేతులు తామే వాసన చూసుకున్నారు. ఆ ఘోరానికి కారణం నేనే. మొదటి నుంచి చెప్తాను. నవ్వేటప్పుడు మాత్రం కాస్త నెమ్మదిగా నవ్వండి, మా వదిన చెవులు చాలా చురుకు.

నాది సిరిసిల్ల. మరమగ్గాల చప్పుడు ఆగితే ఉలిక్కిపడి నిద్ర లేచే ఇంట్లో పుట్టాను. జగిత్యాలకు కోడలిగా వచ్చాక ఇక్కడి నిశ్శబ్దం భరించలేక, ఫోన్‌లో వీడియోలు చూసి ఇంట్లోనే సబ్బులు చేయడం మొదలుపెట్టాను. పైగా నాకో జబ్బుంది. ఏ వస్తువైనా ఎందుకలా ఉందో తెలిసేదాకా దాన్ని వదలను. పెళ్లయిన కొత్తలో మిక్సీ లోపల ఏముందో చూద్దామని విప్పాను. పాపం, అది ఇప్పటికీ అరుస్తూనే ఉంది.

మా ఆయనకు అక్క, అంటే మా వదిన, కోరుట్లలో ఉంటుంది. ఆవిడ ఒకరిని మెచ్చుకోగా నేను వినలేదు. అలాంటి మనిషి ఒకరోజు ఫోన్ చేసింది.

"మీరు నాకు ఒడిబియ్యం పోయనీకి వస్తరు గదా. వచ్చిన ఆడోళ్లకు జాకెట్ ముక్కతోటి నీ సబ్బులు గూడ పంచుదామనుకుంటున్న. గులాబీయి చెయ్యి. చూడు మరి, అందరి ముందట నా ఇజ్జత్ తియ్యకు."

ఆడబిడ్డ ఒడిలో పుట్టింటివాళ్లం బియ్యం పోసే వేడుకలో నా సబ్బులా! ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు. వదిన దగ్గర మంచి మార్కులు కొట్టేయడానికి ఇంతకంటే సందు దొరకదు.

నా దగ్గర పువ్వు ఆకారపు సిలికాన్ అచ్చులున్నాయి. సబ్బు గట్టిపడ్డాక వెనక నుంచి నొక్కితే చక్కగా ఊడి వస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, అంతకుముందు వాటిలో వేప సబ్బు పోశాను. గోరువెచ్చటి నీళ్లతో కడిగాను. వేప వాసన. వంటసోడా వేసి నానబెట్టాను. వేప వాసన. చూస్తే చిన్న మరక కూడా లేదు. మరి ఆ వాసన ఎక్కడ దాక్కున్నట్టు? అచ్చును తిరగేసి చూశాను, వెలుతురులో పెట్టి చూశాను, చివరికి మా ఆయన ముక్కు దగ్గర పెట్టి చూశాను.

"పొద్దుగాల్నే నోట్ల వేపపుల్ల వెట్టినట్టుంది," అని ఆయన దుప్పటి ముసుగు పెట్టేశాడు.

వీడియోలో ఒకావిడ, ఎండలో పెట్టి ఓపిక పట్టండి అని చెప్పింది. నాకు ఓపికే ఉంటే మీకు ఈ కథే లేదు.

సరిగ్గా అప్పుడే పెరట్లో మా అత్తమ్మ నిప్పు మీద ఇంగువ పలుకు వేసి, దాని మీద మజ్జిగ ముంతను బోర్లించింది. నా జబ్బు లేచి కూర్చుంది.

"ముంతకు పొగ ఎందుకు పెడ్తరు అత్తమ్మా?"

"సల్ల మంచిగుంటది బిడ్డా."

"ముంతల పుల్ల వాసన పోతదా?"

"ఇంగువ పొగ పడ్డంక పుల్ల వాసన ఇంకేడుంటది?"

నాకు ఆ మాట చాలు. మట్టి ముంతకు పనిచేసేది సిలికాన్ అచ్చుకు ఎందుకు పనిచేయదు? అత్తమ్మ పక్కింటికి వెళ్లగానే అచ్చులన్నీ బోర్లించి, ఇంత ఇంగువ వేసి, కళ్ల వెంట నీళ్లు కారేదాకా పొగ పెట్టాను. వేప వాసన మాయం! సైన్సుకు మా పెరట్లో ఇంత మేలు జరిగిందని ఎవరికైనా చెప్పాలనిపించింది.

గులాబీ నూనె ధారాళంగా కలిపి సబ్బులు పోశాను. అచ్చుల్లోంచి తీసిన రోజు ఇల్లంతా గులాబీ తోటే. ఇంట్లో చేసిన సబ్బు వారాల తరబడి ఆరాలి కాబట్టి వంటింట్లో పైఅరలో పేర్చాను. పోనుపోను గులాబీ తగ్గి, ఇంకేదో ఘాటు తగులుతున్నట్టు అనిపించింది. కానీ వంటింట్లో ఇంగువ వాసన వస్తే ఎవరైనా అనుమానపడతారా, మీరే చెప్పండి. అత్తమ్మ పప్పుచారు పెట్టిందనుకుని, సబ్బులన్నీ రంగు కాగితాల్లో చుట్టేశాను.

కోరుట్లలో ఒడిబియ్యం పోయడం ముచ్చటగా జరిగింది. కొత్త చీరలో వదిన వెలిగిపోతోంది. భోజనాలకు లేవగానే, తనే ఒక సబ్బు విప్పి కుళాయి దగ్గర పెట్టింది.

"మా మరదలు చేసింది. గులాబీది. అందరు దీంతోనే కడుక్కోండ్రి!"

మొదట వదిన వాళ్ల పెద్దత్త చేతులు కడుక్కుంది. వాసన చూసుకుంది. ఆగింది.

"ఏమే, నేను అన్నం తిన్ననా?"

"ఇంకా లేదత్తా," అంది వదిన.

"మరి చెయ్యి పులిహోర తిన్నట్టు వాసనొస్తుందేందే?"

"మంచిగ కడగలేదేమో. ఇంకోపాలి కడుగు."

మళ్లీ అదే సబ్బుతో రుద్దింది. వాసన రెట్టింపయింది. వెనక ఉన్నవాళ్లకు కుతూహలం పుట్టి, తలా ఒకసారి రుద్దుకుని చూసుకున్నారు. వదిన కూడా చూసుకుంది. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"గులాబీ అన్నవ్?"

"గులాబే వదినా."

"మరి గులాబీకి పోపెందుకు పెట్టినవ్?"

వేప సంగతి, పొగ సంగతి అంతా చెప్పాను. అక్కడే ఉన్న అత్తమ్మ నెత్తి కొట్టుకుంది.

"అయ్యో బిడ్డా! వాసన పోవాల్నని కాదే, ఇంగువ వాసన పట్టాల్ననే పొగ పెడ్తరు. దాని ముందట పుల్ల వాసన ఏడ నిలుస్తదని అన్న!"

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. వదిన పరువు నా చేతుల్లో పెడితే దానికి తాలింపు వేశాను కదా అనిపించింది. వదిన నన్ను చూసింది, సబ్బును చూసింది, ఉన్నట్టుండి పగలబడి నవ్వింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ పళ్లన్నీ చూడటం నాకదే మొదటిసారి. తర్వాత అందరి వైపూ తిరిగింది.

"ఇవి తానానికి గాదు, వంటింట్లకు! వంట చేసిన చేతికి ఎట్లయినా గదే వాసన గదా. మా మరదలు తెలివే తెలివి."

ఒక్క సబ్బు కూడా వెనక్కి రాలేదు. ఇప్పటికీ కోరుట్ల నుంచి ఎవరో ఒకరు పులిహోర సబ్బు ఉందా అని అడుగుతూనే ఉంటారు.

కనుక పాఠక మహాశయులారా, నా అచ్చులకు ఇకపై గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి గుడ్డ, బోలెడంత ఎండ తప్ప మరే సత్కారమూ జరగదని, వేపకు, గులాబీకి వేరు కాపురం పెట్టిస్తానని ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఆ ప్రతిజ్ఞ ఇంగువ డబ్బా మీద చేయి వేసి చేద్దామని వెళ్తే, అత్తమ్మ డబ్బాను చటుక్కున కొంగు చాటుకు లాక్కుంది.

"ఒద్దు బిడ్డా. ఆ చేతితోనే పోయి మళ్ల అచ్చులు ముట్టుకుంటవ్."