పెట్టె మీద కూర్చుని తీసిన లెక్క

పెట్టెలక్క అంటే ఆ విమానాశ్రయంలో తెలియని పోర్టరు లేడు. ఉద్యోగం పర్యాటక శాఖలో గణాంకాధికారి. పని మాత్రం, తిరుగు ప్రయాణమైన విదేశీయులను ఆపి, "ఎన్ని రాత్రులున్నారండీ? ఎక్కడ దిగారు?" అని అడగడం. ఒకప్పుడు అందరూ టైము లేదంటూ మొహం తిప్పుకుని పోయేవారు. ఎమ్మే చదివింది ఈ చీదరింపులు తినడానికా అని ఆవిడకు ఏడుపొచ్చేది.

ఆ రోజుల్లోనే పిడుగులాంటి కబురు వచ్చింది. దేశాల పర్యాటక రంగాలను పక్కపక్కన పెట్టి కొలిచే సంస్థ ఒకటుంది. ఎవరు ఎన్ని గదులు కట్టారు, ఎంతమందిని పనిలో పెట్టారు, వాటితో అతిథులను ఎన్ని రాత్రులు నిలుపుకున్నారు అన్నది దాని కొలత. తక్కువ పెట్టి ఎక్కువ రాబట్టినవాళ్లదే పైచేయి. ఆ జాబితాలో వీళ్ల దేశం అట్టడుగున పడింది.

"దిగగానే నింపే కార్డుల్లో అందరూ రెండు రాత్రులనే రాస్తున్నారు. ఆ సంస్థ దగ్గరున్నది ఆ లెక్కే," అని డైరెక్టరు గారు నిట్టూర్చారు.

"అది వచ్చేముందు అనుకున్న మాట సార్! ఉండి వెళ్లేవాళ్లని అడగాలి."

"అడుగుతున్నావుగా, చెప్పేవాళ్లేరీ? ఈ సీజను చూస్తానమ్మా. సరిపడా జవాబులు రాకపోతే ఆ పని ఎత్తేసి నిన్ను పాత రికార్డుల గదికి పంపేస్తాను. ఏమీ అనుకోకు."

ఆ గదికి కిటికీ కూడా లేదు. నోరు ఊరుకోని మనిషికి అంతకంటే శిక్ష ఏముంటుంది? ఆ వారం ఆవిడకు అన్నం సయించలేదు.

దారి చూపింది ఒక ముసలావిడ సూట్‌కేసు. తూకం పక్కన నేల మీద మూత పడక ఆ పెద్దావిడ తంటాలు పడుతోంది. చూస్తూ ఊరుకునే గుణం మనావిడకు లేదు, వెళ్లి దాని మీద చతికిలబడింది. మనిషి కాస్త భారీ, దాచేదేముంది! సన్నబడవే అని అత్తగారు పెళ్లయిన నాటి నుంచీ పోరుతూనే ఉన్నారు. జిప్పు చుట్టూ తిరిగి వచ్చేసరికి ముసలావిడ అన్నిటికీ జవాబులు చెప్పేసింది, అడగనివి కూడా. జిప్పు పడకముందే ఈవిడ లేస్తే మూత తెరుచుకుంటుందాయె, ముసలావిడ ఎక్కడికి పోతుంది?

ఇక ఆవిడ దూకుడుకు పట్టపగ్గాలు లేవు. పోర్టర్లు "అక్కా, ఇటు!" అని కేకలేసేవారు. కానీ ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి పోయేది కాదు. నిండిన పెట్టెలవాళ్లనే అడిగితే ఎక్కువ రోజులున్నవాళ్లే తగులుతారని ఆవిడకు తెలుసు. అందుకే క్యూలో ప్రతి పదో మనిషి పెట్టె మీదా కూర్చునేది, అది సగం ఖాళీగా ఉన్నా సరే. రెండు రాత్రులకని వచ్చి అయిదు ఉన్నామని నవ్వుతూ చెప్పేవాళ్లే ఎక్కువ.

సీజను ముగిసేసరికి జవాబులు గుట్టలుగా పడ్డాయి. డైరెక్టరు గారు వాటిని పంపగానే, ఒక్కసారిగా ఇన్ని ఎలా వచ్చాయని ఆ సంస్థకు అనుమానం వచ్చి పరిశీలకుణ్ణి పంపింది. సన్నగా, గడకర్రలా ఉన్న మనిషి. నవ్వడం మరిచిపోయినట్టున్నాడు.

"పెట్టెల మీద కూర్చుని చేసే సర్వే నేనెక్కడా వినలేదు. ఊళ్లు తిరిగి చూసి, వెళ్లేముందు నా నిర్ణయం చెప్తాను," అన్నాడు.

ఆయన వెళ్లే రోజు డైరెక్టరు గారు సాగనంపడానికి వచ్చి గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డారు. పెట్టెలక్క క్యూ లెక్కపెట్టుకుంటూ వస్తోంది. ఎనిమిది, తొమ్మిది. పదో మనిషి ఆ పరిశీలకుడే! కాళ్ల దగ్గర కొత్త దుప్పట్లతో ఉబ్బిన సూట్‌కేసు, చేతిలో తెగిన తాడు. అయినా ఆవిడ అలవాటు ప్రకారం వెళ్లి దాని మీద కూర్చుంది.

"ఎన్ని రాత్రులకని వచ్చారు సార్?"

"రెండు. కార్డు మీద రాశాను కదా," అన్నాడాయన జిప్పు లాగుతూ.

"ఎన్నున్నారు?"

జిప్పు మధ్యలో ఆగింది. "ఆరు," అన్నాడు మెల్లగా. "ఆ కొండ మీది గది వదలబుద్ధి కాలేదు." అని పగలబడి నవ్వాడు. "రాసుకోండమ్మా, రాసుకోండి! నా కార్డు కొట్టేసి మీ లెక్కే తీసుకుంటాను. అందరి సంగతీ అంతే!"

గదులు అవే, పనివాళ్లూ వాళ్లే. రాత్రుల లెక్క సరయ్యేసరికి దేశం ఆ ఏడు జాబితాలో పైవరుసకి ఎగబాకింది. డైరెక్టరు గారు ఆఫీసంతా వినపడేలా కేకపెట్టి, రికార్డుల గది మాట మళ్లీ ఎత్తితే తనని చెప్పుతో కొట్టమన్నారు. పెట్టెలక్కకు ఆనందం పట్టలేక ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి సంగతంతా చెప్పి, కంచం ముందు కూర్చుని, "చాలు అత్తయ్యా," అంది.

అత్తగారు వినిపించుకోలేదు. "చాలేంటే? ఇంకో గరిటె వేయించుకో. చిక్కిపోతే రేపు దేశం ఏమైపోను?"