శనివారం డిస్కు

మా మేనత్త పోయిందన్న కబురు శుక్రవారం పొద్దున ఎవరిదో తెలియని నంబరు నుంచి వచ్చింది. గొంతు మా బావమరిదిదే. "బావా, అమ్మ పోయింది" అన్నాడు. నేనేం చేశానో చెబితే వీడూ ఒక మనిషేనా అనుకుంటారు మీరు. ఫోను పెట్టేశాను. పెట్టేసి, చంద్రాపూర్‌లో వాళ్లింటి నంబరుకు నేనే చేశాను. నన్ను అన్నా అనడానికి దాదా అని పిలిచే మేనత్త కోడలు ఎత్తి, ఏడుస్తూనే "అవును దాదా" అంది. అప్పుడు నమ్మాను. బావమరిది ఫోను చార్జింగు అయిపోతే ఆసుపత్రిలో ఎవరినో అడిగి చేశాడట. అతనికి నా మీద కోపం రాలేదు. పెద్ద కబురు ఏదొచ్చినా పెట్టేసి, మనకు తెలిసిన నంబరుకు మనమే మళ్లీ చేయాలని ఇద్దరికీ నేర్పింది మేనత్తే.

మేనత్త బీమా ఏజెంటు. ఘుగ్గుస్ బొగ్గుగనిలో పనిచేసే మా మామ చిన్న వయసులోనే పోతే, స్కూటీ కొనుక్కుని అటు గడ్‌చాందూర్ నుంచి ఇటు కోఠారి దాకా తిరిగింది. దుకాణాల్లో మరాఠీ, డ్రైవర్లతో హిందీ, మాతో తెలుగు. పాలసీ చెప్పేటప్పుడు ఆవిడకొక పద్ధతి ఉండేది. "వచ్చేటియి ఎవడైనా చెప్తడు. ఏమేం రావో ముందుగాల ఇను" అని చాయ్ గ్లాసు పక్కకు జరిపి మొదలుపెట్టేది. అది వినగానే కొందరు లేచిపోయేవారు. కూర్చున్నవాళ్లు మాత్రం ఇక ఏ ఏజెంటు దగ్గరికీ పోలేదు.

అంత పెద్ద వయసులో ఈ కంప్యూటర్ల బీమా ఎందుకు నెత్తికెత్తుకుందో చెప్పాలి. బజారులో రంగుల దుకాణం నడిపే ఒక సేఠ్‌కు, సరుకు పంపే కంపెనీ పేరుతో మెసేజి వచ్చింది, మా బ్యాంకు ఖాతా మారింది, ఇకనుంచి ఇందులో వేయండి అని. వేశాడు. ఆ కంపెనీకి సంగతే తెలియదు. మనిషి నేరుగా మేనత్త ఇంటికొచ్చి, "బాయీ, ఇది అగ్ని ప్రమాదం కిందికి వస్తుందా, దొంగతనం కిందికి వస్తుందా?" అని మరాఠీలో అడిగాడట. తాను రాసిచ్చిన ఆ పాలసీలో అది దేని కిందికీ రాదు. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు. "వాని దుకానం నేను కాపాడుతున్న అనుకున్న. ఒక దర్వాజ తెరిచిపెట్టి ఇంకో దర్వాజ కాడ కావలి కాసిన" అంది నాతో. తర్వాత నాగ్‌పూర్ వెళ్లి, కొడుకు వయసు వాళ్ల మధ్య కూర్చుని సైబర్ బీమా శిక్షణ తీసుకుంది.

మొదట నా దగ్గరికే వచ్చింది. ఘుగ్గుస్‌లో మాది లారీల ట్రాన్స్‌పోర్టు, బాపు, అంటే మా నాన్న, పెట్టింది.

"ఈ దుమ్ములకు మనకోసం ఎవడొస్తడు అత్తా?" అన్నాను.

"దుమ్ము నీకు. ఆడు ఏడ్నో ఫ్యాన్ కింద కూసొని చేస్తడు."

ఇక్కడ మా వాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. తెలంగాణ నుంచి వచ్చిన మా ట్రాన్స్‌పోర్టు వాళ్లలో చాలామంది, పేరు పెట్టాల్సిన ప్రతిదానికీ సొంతూరి దేవత పేరే పెడతారు. ఆఫీసు బోర్డుకు అదే, లారీ ముందు అద్దం పైన అదే, కంప్యూటర్ పాస్‌వర్డుకూ అదే, చివర మొదటి లారీ నంబరు తగిలించి. తల్లి పేరుంటే ఎవడు ముట్టుకుంటాడన్న ధీమా. మేనత్త లేచి బయటికి నడిచింది. బాపు నడిపిన పాత లారీ ముందు నిలబడి కాసేపు చూసింది. లోపలికి వచ్చి నా కుర్చీలో కూర్చుని, ఒక్క వేలితో టకటకా కొట్టింది. కంప్యూటర్ తెరుచుకుంది. నా నోరు కూడా తెరుచుకుంది.

"ఎల్లమ్మ తల్లి లారీని చూసుకుంటది. దీన్ని గూడ ఆమె నెత్తినే ఏస్తే ఎట్లరా అల్లుడా? తాళంచెయ్యి అద్దానికి కట్టుకోని నాగ్‌పూర్ దాంక తిప్పుతున్నవ్" అంది.

ఆ రోజే పాస్‌వర్డులు మార్పించింది. పాలసీ రాసింది, రానివన్నీ ముందు చెప్పే. రెండు డిస్కులు కొనిపించి, శనివారం శనివారం లెక్కలన్నీ ఒకదాంట్లోకి ఎక్కించి తన ఇంటికి తెమ్మంది. కొత్తది తన ఇనప బీరువాలో పెట్టి పాతది నాకిచ్చేది. ఊరికే పంపేది కాదు, వేడి సర్వపిండి తినిపించి పంపేది. "బీమా అంటే తాళం కాదు బిడ్డా. తాళం నువ్వేసుకో. అది పలిగినంక పడిపోకుంట పట్టుకునేటిదే బీమా" అనేది. వారం తప్పిందంటే ఫోనులో నాకు మామూలుగా పడేవి కావు తిట్లు.

ఆ తాళం నిరుడు పగిలింది. సిమెంటు ఫ్యాక్టరీ పేరుతో వచ్చిన మెయిల్‌ను మా గుమస్తా తెరిచాడు. పది నిమిషాల్లో కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి, డబ్బు పంపితేనే తెరుస్తామని తెర మీద ఇంగ్లీషులో బెదిరింపు. ఏ లారీ ఎక్కడ ఎంత సరుకు దించిందో అన్నీ అందులోనే ఉన్నాయి. అవి లేకుంటే బిల్లులు లేవు, బిల్లులు లేకుంటే డ్రైవర్ల ఇళ్లలో పొయ్యి వెలగదు, బాపు పెట్టిన ట్రాన్స్‌పోర్టు మూతపడుతుంది. మేనత్తకు ఫోను చేశాను.

మేనత్త స్కూటీ మీద వచ్చింది. హెల్మెట్ తీయకుండానే, "నెట్టు తీగ గుంజు. ఇంక దేన్ని ముట్టకు. ఆనికి జవాబియ్యకు" అంది. బీమా కంపెనీ హెల్ప్‌లైనుకు చేయించింది. నన్ను వెనక కూర్చోబెట్టుకుని పోలీసుల సైబర్ విభాగానికి తీసుకెళ్లి ఫిర్యాదు రాయించింది. కంపెనీ పంపిన ఇంజనీర్లు కంప్యూటర్లన్నీ కడిగేశాక, తన బీరువాలోని డిస్కు తెచ్చి వాళ్ల చేతిలో పెట్టింది. ఆ వారం వివరాలు తప్ప మిగిలినవన్నీ తిరిగొచ్చాయి. ఆ వారానివి డ్రైవర్ల దగ్గరున్న కాగితాలు చూసి రాసుకున్నాం. ఇంజనీర్ల ఖర్చు, పని ఆగిన రోజుల నష్టంలో పెద్ద భాగం బీమా ఇచ్చింది. ఒకచోట కంపెనీవాళ్లు నసిగితే, "రానియి నేను ముందే చెప్పిన. ఇది అండ్ల లేదు" అని ఫోనులో నిలదీసి మరీ ఇప్పించింది. ఒక్క డ్రైవరునూ మానిపించలేదు మేము. ఆ ధైర్యం నాకు ఆవిడ ఇచ్చిందే, ఈ రోజు వరకూ తగ్గలేదు.

మేనత్త అంత్యక్రియలు కబురొచ్చిన మర్నాడు, శనివారం జరిగాయి. రంగుల దుకాణం సేఠ్ కూడా వచ్చి పాడెకు భుజం పట్టాడు. మేనత్త ఇంటికి తిరిగొచ్చి స్నానం చేసి, విప్పిన చొక్కా తడుముకుంటే జేబులో గట్టిగా తగిలింది. డిస్కు. పొద్దున ఆఫీసు తాళాలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు అలవాటుగా జేబులో వేసుకున్నట్టున్నాను. అది పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చేశాను.

మేనత్త కోడలు చూసింది. మరాఠీ అమ్మాయి, తెలుగు మాట్లాడటం అత్త దగ్గరే నేర్చుకుంది. దగ్గరికొచ్చి చెయ్యి చాపింది.

"ఇవ్వు దాదా. ఇయ్యాల శనివారం కదా."

"పోయినామె దీపం ఇంట్ల ఇంక ఎలుగుతుంటే, ఇయ్యాల బీరువ తెరుస్తరా పిల్లా?" అంది మంచిర్యాల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ.

"అత్తమ్మ ఉంటే తెరుస్తుండె" అంది ఆ అమ్మాయి.

బీరువా తెరిచింది. అత్త పాత చీర ముక్కలో చుట్టిన డిస్కు తీసి నా చేతిలో పెట్టింది. కొత్తదాన్ని అదే ముక్కలో చుట్టి లోపల పెట్టి తాళం వేసింది. తాళంచెవిని కొంగు చివర ముడేసి, అచ్చం మా మేనత్తలాగే నడుముకు దోపుకుంది.