నాలుగు వందల పదకొండు రాళ్లు

నేను చదివింది ఊరి బళ్లో నాలుగో తరగతే. అయినా ప్రంబనాన్ దగ్గర కూలిన ఒక పాత గుడిలో ముప్పై ఏళ్లు పనిచేసి, నాలుగు వందల పన్నెండు రాళ్లను వాటి వాటి చోట్లలో తిరిగి నిలబెట్టానని అందరికీ చెప్పుకునేవాణ్ణి.

భూకంపం వచ్చిన వారానికి, అవి నిలిచాయో లేదో చూడడానికి నా భార్య వగియెంతో వెళ్లాను. ఉత్తరాన మెరాపి అగ్నిపర్వతం పొగలు కక్కుతోంది. ఆ గుడి రాళ్లన్నీ ఒకప్పుడు దాని కడుపులోంచి వచ్చినవే.

"ముందు తినవయ్యా మేస్త్రీ. పడిపోయి ఉంటే ఏడవడానికైనా ఓపిక కావాలిగా," అంటూ ఆమె టేకాకులో కట్టిన తియ్యటి పనసకూర, అన్నం విప్పింది. నేను పొట్లం పక్కన పెట్టి గుడి వైపు నడిచాను.

గుడి నిలిచే ఉంది. ఒక్క రాయి మాత్రం కింద పడింది. దాన్ని చూడగానే గుర్తుపట్టాను. చోటు కుదరక, ఎవరూ చూడకుండా నేను ఉలితో అంచు చెక్కి ఇరికించిన రాయి అది. ఆ సంగతి ఆమెకు చెప్పేశాను.

"మరి మిగతావెలా నిలిచాయి?" అంది వగియెం.

"వాటిని నేను చెక్కలేదే. వెయ్యేళ్ల కిందటి వాళ్లు చెక్కారు."

ఖాళీ అయిన గాడిలో చెయ్యి పెట్టాను. సున్నం లేదు, సిమెంటు లేదు. వాళ్లు చెక్కిన అంచు ఇంకా పదునుగా ఉంది. చాలాసేపు చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఎవరడిగినా నాలుగు వందల పదకొండు అనే చెబుతాను.