మామయ్య విడగొట్టిన జోళ్ళు

“నా కుడికాలి చెప్పేదయ్యా?”

“మేడ మీదుంది పిన్నిగారూ. మీ ఎడమది వసారా వాటాకొచ్చింది.”

“వాటా ఏమిటి నీ మొహం! ఇప్పుడు నేను కుంటుకుంటూ పోవాలా?”

“మీ ఇష్టం. కలిపిస్తే మాత్రం పాఠం పాడైపోతుంది.”

ఆ పాఠం చెప్పేది మామయ్య. కాలేజీలో జీవశాస్త్రం మేష్టారు. ఆయనకున్న జబ్బు ఒక్కటే: జతగా ఉన్నదేదీ కంటపడకూడదు, విడదీసేస్తాడు. మేజోళ్ళు, చేతి తొడుగులు, చెవి కమ్మలు. ఒకసారి విందులో పక్కపక్కనే కూర్చున్న వియ్యంకుల్ని లేపి చెరో మూలా కూర్చోబెట్టాడు. ఇదేం పనండీ అంటే, “జతలు విడిపోబట్టే మీరూ నేనూ పుట్టాం” అన్నాడు.

ఆ రోజు చుట్టాలంతా ఆయన మేనల్లుడికి కొత్తగా పుట్టిన కూతుర్ని చూడటానికి వచ్చారు. మేనల్లుడు స్కూటర్ మెకానిక్. ఎంత మొండి ఇంజిన్నయినా మాట్లాడిస్తాడు గానీ తన నోరు మాత్రం స్టార్టవదు. వాళ్ళమ్మ, అంటే మామయ్య అక్క, మనవరాల్ని ఒళ్ళో వేసుకుని అందరి ముందూ అనేసింది: “మా ఇంటావంటా లేని పిల్లికళ్ళు! ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో మరి!”

చుట్టాలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గుసగుసలు మొదలయ్యాయి. కోడలు గదిలోకి వెళ్ళి బ్యాగు సర్దసాగింది. మెకానిక్ ఫ్యాను వంక చూస్తూ నిలబడ్డాడు, అదేదో రిపేరుకొచ్చినట్టు.

మామయ్య లేచి గుమ్మం దగ్గరి చెప్పుల మీద పడ్డాడు.

“ఇటు చూడండర్రా! ఎడమది అమ్మ ఇచ్చింది, కుడిది నాన్న ఇచ్చింది. ఇవే క్రోమోజోములు. విడిపోయే ముందు ఒకదానికొకటి ఆనుకుని ముక్కలు మార్చుకుంటాయి.” బావగారి చెప్పుల పట్టీలు రెండూ పీకి తారుమారు చేశాడు. “ఇప్పుడు ప్రతి జతలోంచీ ఒకటిటు, ఒకటటు! ఏది ఎటో ఎవడికీ తెలీదు!”

చెప్పులు గాల్లోకి లేచాయి. సగం మేడమెట్లెక్కాయి.

“మనకున్నవి ఇరవైమూడు జతలు. ముక్కల మార్పిడి పక్కన పెట్టినా, ఎనభై మూడు లక్షల పైచిలుకు రకాలుగా పంచొచ్చు. అదీ ఒక్క మనిషిలో! తరాల తరబడి రెండిళ్ళలోనూ దాక్కున్న రంగు, ఇదిగో, ఈ పిల్ల దగ్గర కలుసుకుంది.”

“అంటే మన వైపూ ఉందంటావా?” అక్క గయ్యిమంది.

“తాతగారి ఫోటో నలుపుతెలుపుల్లో ఉంది గనక బతికిపోయావక్కా!”

గదిలోంచి కిసుక్కున నవ్వు. బ్యాగు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

చుట్టాలు వెళ్ళిపోయారు, ఒకాయన ఒక కాలికి బూటూ ఇంకో కాలికి హవాయి చెప్పూ ఈడ్చుకుంటూ. మెకానిక్ తల పట్టుకున్నాడు.

“పరువు తీశావు మామయ్యా! వీధి చివరిదాకా నిన్నే తిట్టుకుంటూ పోయారు.”

“పాప కళ్ళ గురించి ఎవరైనా ఏమైనా అన్నారా?”

మెకానిక్ ఆలోచించాడు. ఒక్కరూ అనలేదు. అసలు ఆ ముక్క సుద్దముక్కతో రెండు గీతలు గీసి చెప్పగలడు మామయ్య. ఒక్క చెప్పూ కదపక్కర్లేదు.

“నిన్నొక్కటే అడుగుతున్నానురా,” అన్నాడు ఆయన భుజం రుద్దుకుంటూ. “ఇంకోసారి ఆ మాట ఎవరన్నా, మీ అమ్మే అన్నా సరే, నువ్వు నోరు తెరువు. ప్రతిసారీ ఇంతమంది చెప్పులు విసరడం నా వల్ల కాదు.”